సెల్ఫ్ మోటార్ మార్చే ముందు ఆ ఎర్త్ వైరు ఒకసారి చూడు

ప్రశ్న: అన్నా, నా పెట్రోల్ కారుకి 13 ఏళ్లు నిండాయి, 1.4 లక్షల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే తాళం తిప్పితే ఒక్కోసారి టక్ అని ఊరుకుంటుంది, రెండు మూడు సార్లు తిప్పాక స్టార్ట్ అవుతుంది. ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చాను. ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతుంది, ఖాళీ రోడ్డు మీద కాస్త స్పీడుగా పోతే మళ్లీ కిందికి దిగుతుంది. చెక్ ఇంజిన్ లైటు వస్తూ పోతూ ఉంది, ఆక్సిజన్ సెన్సర్ మార్చినా అంతే. గతుకుల్లో ముందు ఎడమ వైపు టకటకమని శబ్దం. ఇప్పుడు సెల్ఫ్ మోటార్ మార్చాలంటున్నారు. ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవాలా, అమ్మేసి వదిలించుకోవాలా?

జవాబు:

తమ్ముడూ, సెల్ఫ్ మోటార్ సంగతి ఒక్క వారం ఆపు. అది బాగానే ఉందని నేననడం లేదు, పాడై ఉండొచ్చు కూడా. కానీ ఇప్పటిదాకా నీ కారులో మారిన రెండు బ్యాటరీలూ, ఆ సెన్సరూ ఏదీ కొలిచి చూడకుండా అందాజాగా మార్చినవే అని నీ ఉత్తరం చదివితే తెలిసిపోతోంది, నాలుగో సామాను కూడా అదే వరసలో ఉంది.

పాత కార్లతో కుస్తీ పట్టీ పట్టీ నాకు ఒంటబట్టింది ఒకటే. వయసైన కారులో పెద్ద సామాన్ల కంటే ముందు వాటిని ఒకదానితో ఒకటి కలిపే చిన్నవి పోతాయి. వైర్ల చివరలు, టెర్మినళ్లు (బ్యాటరీకి వైరు బిగించే చోట్లు), ఎర్త్ పట్టీలు (ఇంజిన్ నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగొచ్చే దారి), రబ్బరు గొట్టాలు, బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు). రాగి పచ్చబడుతుంది, రబ్బరు పెళుసెక్కుతుంది, బోల్టు కింద తుప్పు చేరుతుంది. ఇవేవీ చూడగానే కంటికి ఆనవు కాబట్టి నేరం ఎప్పుడూ పక్కనున్న పెద్ద సామాను మీద పడుతుంది.

నువ్వు రాసిన వాటిలో నాకు బాగా ఉపయోగపడిన మాట, "రెండు మూడు సార్లు తిప్పాక స్టార్ట్ అవుతుంది" అన్నది. ఛార్జి లేని బ్యాటరీ అలా చేయదు. మొదటిసారి లేవలేనిది రెండోసారికి ఇంకా నీరసపడుతుంది, టకటకటకమని వరసగా కొట్టుకుంటుంది. ఒకే ఒక్క టక్, ఆ తర్వాత ఏమీ జరగనట్టు స్టార్ట్ అవడం అంటే ఎక్కడో కరెంటు ఒకసారి అందుతోంది, ఒకసారి అందడం లేదు. ఆ "ఎక్కడో" అనేది టెర్మినల్ కావచ్చు, ఎర్త్ వైరు కావచ్చు, సెల్ఫ్ మోటార్ మీదుండే సోలెనాయిడ్ (తాళం తిప్పగానే మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్చు) లోపల అరిగిపోయిన రాగి బిళ్లలు కూడా కావచ్చు. మీ మెకానిక్ అన్నది ఈ మూడోదే అయ్యుంటుంది. ఊహ తప్పు కాదు, చూడకుండా చెప్పడం తప్పు.

ఒక డిజిటల్ మల్టీమీటర్ తెచ్చుకో. ఖరీదైనది అక్కర్లేదు. రాత్రంతా నిలబెట్టిన కారులో పొద్దున తాళం పెట్టకముందే బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజీ చూడు. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువ అంటే దాదాపు అడుగంటినట్టే. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు కూడా వేసి చూడు, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13.5 కూడా ఎక్కకపోతే, ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, దాని బెల్టుని అనుమానించు. 15 దాటుతుంటే ఆ వోల్టేజీని హద్దులో ఉంచే రెగ్యులేటర్ పోయి బ్యాటరీని ఉడకబెడుతోందన్నమాట, అలాంటప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా మాడిపోతూనే ఉంటాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంకో మనిషిని సాయం పిలువు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచు. మీటరు ఒక మొనని బ్యాటరీ నెగటివ్ కొన మీద (క్లాంపు మీద కాదు, సీసపు కొన మీదే), రెండో మొనని ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని లోహం దగ్గర ఆనించి పట్టుకో. సాయం వచ్చినవాళ్లు తాళం తిప్పుతుండగా మీటరు చూడు. 0.2 వోల్టులు, అంతకంటే తక్కువ చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. 0.5 దాటితే దొంగ దొరికినట్టే. అదే పద్ధతిలో పాజిటివ్ కొన నుంచి సెల్ఫ్ మోటార్ మీదున్న లావుపాటి బోల్టు దాకా కూడా చూడు, అక్కడ 0.5 దాటకూడదు. అసలు టక్ అని ఆగిపోయిన ఆ క్షణంలోనే మీటరు బ్యాటరీ కొనల మీద ఉండగలిగితే ఇంకా మంచిది. అప్పుడు వోల్టేజీ ఆరూ ఏడుకి పడిపోతే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా మోటార్ బిగుసుకుపోయింది. 12 దగ్గరే కదలకుండా నిలబడితే అసలు కరెంటు పారడమే లేదు. అలా నిలబడ్డప్పుడు ఇందాక చెప్పిన రెండు కొలతలూ బాగానే వస్తే, నువ్వు నిశ్చింతగా సెల్ఫ్ మోటార్ విప్పించు, నేనేమీ అనను.

మీటరు లేకపోయినా ఒక మోటు పద్ధతి ఉంది. కారు లోపలి లైటు వేసి తాళం తిప్పు. టక్ అన్నప్పుడు లైటు చచ్చిపోయినట్టు మసకబారితే బ్యాటరీ, దాని టెర్మినళ్లు చూసుకో. లైటు మామూలుగానే వెలుగుతుంటే కథ సెల్ఫ్ మోటార్ వైపో, ఇంజిన్ ఎర్త్ వైపో ఉంది.

ఎర్త్ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద. రబ్బరులో కరెంటు పారదు. అందుకే ఇంజిన్ నుంచి, గేర్‌బాక్స్ నుంచి బాడీకి, బ్యాటరీకి లావుపాటి వైరు గానీ అల్లిన రాగి పట్టీ గానీ వేస్తారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా తిరిగి రావాల్సింది ఆ దారినే. 13 ఏళ్లు వానలో, బురదలో తిరిగిన బోల్టు కింద ఏముంటుందో విప్పి చూస్తే నీకే తెలుస్తుంది. విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించు. వైరు పై తొడుగు మెత్తగా ఉబ్బినట్టుంటే లోపల రాగి పచ్చబడిపోయి ఉంటుంది, అది మార్చాల్సిందే. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే వేడినీళ్లలో వంట సోడా కలిపి బ్రష్‌తో కడిగెయ్, ఆరాక పలచగా వాసలీన్ పూయి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. ఇది మూఢనమ్మకం కాదు, నెగటివ్ తగిలించి ఉండగా పాజిటివ్ విప్పబోతే పానా జారి బాడీకి తగిలినప్పుడు వచ్చే నిప్పురవ్వలు చూస్తే జన్మలో మర్చిపోవు.

రాత్రి 12.6 ఉన్నది పొద్దున్నకి 12.1 అయిపోతుంటే మాత్రం అది వేరే జబ్బు, ఏదో ఒకటి రాత్రంతా కరెంటు తాగుతోంది. నెగటివ్ వైరు విప్పి, మీటరుని ఆంపియర్ల మీద పెట్టి (మొన 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండాలి) ఆ వైరుకి, బ్యాటరీ కొనకి మధ్య కలుపు. తలుపులన్నీ మూసి అరగంట ఆగు, ఎందుకంటే కంప్యూటర్ పెట్టెలన్నీ నిద్రపోవడానికి టైము పడుతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. 300 ఉందనుకో, రోజుకి 7 ఆంపియర్ అవర్ల పైనే పోతున్నట్టు, 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో సగం ఖాళీ. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ ఏది తీసినప్పుడు అంకె పడిపోయిందో చూస్తే ఆ లైన్లోనే దొంగ ఉన్నట్టు. బయట కొని బిగించిన స్టీరియో, అలారం, డిక్కీలో ఆరని లైటు, నాకు తగిలినవి ఎక్కువగా ఇవే. మీటరు అలా కలిపి ఉండగా పొరపాటున తాళం తిప్పావంటే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది, జాగ్రత్త.

ఇక వేడి సంగతి. ఆగి ఉంటే ముల్లు పైకి, వేగంగా పోతే కిందికి. సగం జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. పరుగెత్తేటప్పుడు రేడియేటర్‌కి గాలి దానంతటదే తగులుతుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. అదే గనక రేడియేటర్ లోపల పూడిపోయినా, నీళ్ల ప్రవాహం తగ్గినా, స్పీడు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ వేడెక్కేది. కాబట్టి థర్మోస్టాట్ (రేడియేటర్‌కి నీళ్ల దారి తెరిచే వాల్వు), వాటర్ పంపు జోలికి ఇప్పుడే పోకు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసి బానెట్ ఎత్తి చూడు, కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి, అదీ బలంగా తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూడు, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చు). ఫ్యూజు పెట్టెలో అదే నంబరున్న రిలే ఇంకోటి ఉంటే అది తీసి ఇక్కడ పెట్టి చూస్తే రిలే తప్పో కాదో నిమిషంలో తేలిపోతుంది. ఫ్యాన్‌కి రెండు స్పీడులున్న కార్లలో చిన్న స్పీడుకి ఒక రెసిస్టర్ ఉంటుంది, అది కాలిపోతే చిన్న స్పీడు పోయి పెద్దది మాత్రమే మిగులుతుంది. నీరసంగా తిరుగుతుంటే? మళ్లీ ఎర్తే. ఫ్యాన్ వైరు బాడీకి కలిసే బోల్టు కూడా ఆ తుప్పు బాపతే కాబట్టి, పొద్దున స్టార్టింగ్ గొడవకీ మధ్యాహ్నం వేడి గొడవకీ మూలం ఒక్కటే అయినా నేను ఆశ్చర్యపోను.

ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో కూడా టార్చి వేసి చూడు. ఏళ్ల తరబడి ఎండుటాకులు, దూది, పురుగులు అక్కడ పరుపులా పేరుకుని గాలి ఆడనివ్వవు. నీళ్లతో కడిగేటప్పుడు ధార మరీ గట్టిగా కొట్టకు, ఆ పలుచటి రేకులు వంగిపోతాయి.

రేడియేటర్ మూత గురించి నా సొంత సిగ్గు కథ ఒకటి చెప్పాలి. వెనకటి కారులో కూలెంట్ పక్క డబ్బాలోకి పొంగిపోతుంటే నేను మొదట థర్మోస్టాట్ మార్పించా, తగ్గలేదు. వాటర్ పంపు మార్పించా, తగ్గలేదు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య సీలు) అన్నారు, గుండె జారిపోయింది. చివరికి ఇంకొకాయన మూత తీసి దాని రబ్బరు చూపించి నవ్వాడు, పగిలిపోయి ఉంది. ఆ మూత సుమారు ఒక బార్ ఒత్తిడి పట్టి ఉంచాలి, ఆ ఒత్తిడి వల్లే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. ఒత్తిడి నిలవకపోతే మామూలు వేడికే పొంగుతుంది. కారు మొత్తంలో అతి చౌకైన సామాన్లలో ఒకదాన్ని నేను అందరికంటే చివర చూశాను.

ఆ మూత ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. వేడి మీద తీస్తే మరుగునీళ్లు మొహాన కొడతాయి, సందేహమే లేదు. దారిలో ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి (చెమటలు పడతాయి, పడనీ), వీలైనంత త్వరగా పక్కకి ఆపి ఇంజిన్ కట్టెయ్. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని లాగించినవాళ్ల సిలిండర్ హెడ్లు వంకరపోవడం చూశాను. చల్లారాక కూలెంట్ తగ్గి ఉంటే పోయాల్సింది కుళాయి నీళ్లు కాదు, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. అత్యవసరంలో మామూలు నీళ్లు పోసినా, తర్వాత అంతా దింపేసి మళ్లీ నింపించు. కారుతున్న జాడ ఎక్కడా లేకుండా కూలెంట్ తగ్గిపోతుండడం, ఆయిల్ మూత కింద పాలు కలిసిన టీ రంగులో జిడ్డు, వేడెక్కాక కూడా తగ్గని తియ్యటి వాసన తెల్లపొగ, ఇవి కనబడితేనే హెడ్ గ్యాస్కెట్ గురించి ఆలోచించు. నువ్వు రాసినవాటిలో ఇవేవీ లేవు.

చెక్ ఇంజిన్ లైటు. ఓబీడీ సాకెట్లో (కారు కంప్యూటర్‌కి కలిసే చోటు) స్కానర్ పెట్టి కోడు చదివారా, చదివితే ఏ నంబరు వచ్చింది, అది రాయలేదు నువ్వు. ఆక్సిజన్ సెన్సర్ మార్చారంటే బహుశా పీ0171 లాంటిది వచ్చి ఉంటుంది, అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. ఆ మాట చెప్పింది పొగలో ఆక్సిజన్ కొలిచే ఆ సెన్సరే, కానీ చెప్పినదాన్నే తీసి పారేశారు, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. గాలి ఎక్కడ నుంచి దొంగతనంగా లోపలికి పోతోందో వెతకాలి. ఇంజిన్ గాలి పీల్చే ఇంటేక్ చుట్టూ ఉండే సన్న రబ్బరు గొట్టాలన్నీ వేళ్లతో వంచి చూడు, 13 ఏళ్లకి వాటి చివరలు పగుళ్లిచ్చి ఉంటాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ ఎగుడుదిగుడుగా తిరుగుతూ సన్నగా ఉస్స్ మంటుంటే అదే. గాలిని కొలిచే సెన్సర్ మీద దుమ్ము పట్టినా ఇదే కోడు వస్తుంది, దానికి విడిగా స్ప్రే దొరుకుతుంది, గుడ్డ పెట్టి మాత్రం తుడవకు.

పీ0302 లాంటిది వస్తే రెండో సిలిండర్ సరిగా మండటం లేదని అర్థం. ఒక్కో ప్లగ్గుకి నిప్పురవ్వ పుట్టించే కాయిల్ విడిగా ఉన్న ఇంజిన్ అయితే రెండోదాని కాయిల్ తీసి మూడోదానికి, మూడోదానిది రెండోదానికి పెట్టి, కోడు చెరిపి, నడుపు. ఈసారి పీ0303 వస్తే కాయిల్ పోయినట్టు. మళ్లీ పీ0302 వస్తే కాయిల్ నిర్దోషి, ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, అయినా ఎందుకనో నాలుగు కాయిల్స్ మార్చడమే ఎక్కువగా చూస్తుంటాను. కోడు చెరిపే ముందు కాగితం మీద రాసుకో. వోల్టేజీ సరిగా లేనప్పుడు కూడా పిచ్చిపిచ్చి కోడ్లు వస్తాయి కాబట్టి ముందు ఎర్త్, టెర్మినళ్ల పని అయ్యాకే దీని జోలికి రా. ఒకటి మాత్రం గుర్తుంచుకో, లైటు ఊరికే వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుంటే కాలని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోకి పోయి అక్కడ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తోందని అర్థం, వెంటనే యాక్సిలరేటర్ వదిలి వీలైన చోట ఆపెయ్.

గతుకుల్లో టకటక చాలావరకు స్టెబిలైజర్ లింక్ రాడ్ (సస్పెన్షన్‌ని అడ్డ కడ్డీకి కలిపే చిన్న రాడ్) అయ్యుంటుంది, రెండు ముందు చక్రాలూ నేల మీద సమంగా ఉండగా చేత్తో పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది. అది కాకపోతే లోయర్ ఆర్మ్ బుష్, లేదా పైన స్ట్రట్ మౌంట్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు కటకటమంటే అది వేరు, యాక్సిల్ జాయింటు. స్పీడుతో పాటు పెరిగే హూంకారం అయితే వీల్ బేరింగ్. లింక్ రాడ్ పోయినా కొన్నాళ్లు నెట్టుకురావచ్చు గానీ బాల్ జాయింటు లూజుగా ఉందంటే ఆ రోజే మార్పించు, అది ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది. చూడటానికి కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్ని నమ్మకు, స్టాండ్లు పెట్టే దూరు.

నువ్వు అడగనివి ఉన్నాయి, నాకు అసలు టెన్షన్ వాటి గురించే. నీ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు (పిస్టన్లనీ వాల్వులనీ ఒకే లయలో నడిపే పట్టీ) ఉందా, దాని బదులు చైన్ ఉందా? బెల్టయితే ఆఖరిసారి ఎప్పుడు మార్చారు? సాధారణంగా 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య ఎక్కడో దాని గడువు ఉంటుంది, తక్కువ తిరిగినా ఏళ్ల లెక్క వేరే ఉంటుంది, కారు పుస్తకంలో చూడు. అది తెగే ముందు చప్పుడు చేయదు, వేడెక్కదు, లైటు వెలిగించదు. చాలా ఇంజిన్లలో అది తెగిన క్షణమే పిస్టన్లు వాల్వులకు గుద్దుకుని అవి వంగిపోతాయి. సెల్ఫ్ మోటార్‌కి తీసిపెట్టిన డబ్బు ఉంటే, రికార్డు లేని పక్షంలో, ముందు దీనికి పెట్టు.

బ్రేక్ ఆయిల్ కూడా. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వరసగా బ్రేకులు తొక్కితే ఆ వేడికి లోపల ఆవిరి పుట్టి పెడల్ మెత్తగా నేలకి పోతుంది. రెండేళ్లకోసారి మార్చుకోవాల్సిన ఈ ఆయిల్‌ని 13 ఏళ్లుగా ముట్టుకోని కార్లు నేను చూశాను. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ అని. అరుగుదల బాగానే ఉందని వయసు మర్చిపోకు.

అమ్మాలా వద్దా? నీ ఉత్తరంలో అమ్మేంత జబ్బు నాకొకటీ కనిపించలేదు. చాసిస్‌కి, సస్పెన్షన్ బిగించే చోట్లకి వేలు దిగేంత తుప్పు పట్టి ఉంటే, లేదా వెయ్యి కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగుతూ నీలంపొగ వదులుతుంటే, లేదా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జారిపోతుంటే, అప్పుడు నేనే అమ్మెయ్ అనేవాణ్ణి. ఇవి కాకుండా ఫ్యాన్, వైర్లు, గొట్టాలు, లింక్ రాడ్ చూసి భయపడి అమ్మితే కొన్నవాడు ఒక ఆదివారం కూర్చుని అన్నీ సరిచేసుకుని నడుపుకుంటాడు.

ఈ ఆదివారం టెర్మినళ్లు, ఎర్త్ బోల్టులు విప్పి శుభ్రం చెయ్. విప్పే ముందు ఒకసారి, బిగించాక ఒకసారి కొలువు. పొద్దున నిలబడి ఉన్నప్పటి వోల్టేజీ, ఇంజిన్ నడుస్తున్నప్పటిది, సెల్ఫ్ కొట్టేటప్పుడు నెగటివ్ కొనకీ ఇంజిన్‌కీ మధ్య వచ్చింది, ఈ మూడు అంకెలూ, స్కానర్‌లో వచ్చిన కోడు నంబరూ రాసి పంపు. సెల్ఫ్ మోటార్ మార్చాలో వద్దో అప్పుడు చెబుతా.